చూడామణి ఫోన్‌లో తొమ్మిదో గడి

జగ్గయ్యపేటలో జనం చెప్పుకునేది తప్పు. కుటుంబరావుగారి ఫోన్‌లో మాట్లాడే బొమ్మల్ని హైదరాబాదు నుంచి ఎవరో సాఫ్ట్‌వేరు మేనల్లుడొచ్చి పెట్టిపోయాడంటారు. వాళ్ళకసలు మేనల్లుడే లేడు. ఆ పని చేసింది ఆయన భార్య చూడామణి. పక్కింట్లో ఉండి రోజూ చూసినదాన్ని కాబట్టి చెబుతున్నా.

చూడామణి చదివింది పదో తరగతి. నందిగామలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పించేది. పొద్దున ఏడింటి బస్సుకి వెళ్ళి మధ్యాహ్నం రెండింటికి జగ్గయ్యపేట తిరిగొచ్చేది. టైపుకొచ్చే పిల్లలు తగ్గిపోయాక యజమాని ఉదయభాస్కర్ సగం మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెట్టాడు. జావా అనే కంప్యూటరు భాష పాఠాల నోట్సంతా ఈవిడ చేతే కొట్టించేవాడు. అలా అర్థం తెలియకుండానే ఆరేళ్ళు జావా టైపు చేసింది.

కుటుంబరావుగారు పేట బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎటు వెళుతుందో చెప్పే మనిషి. ఆయన గొంతు తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు. రెండువేల ఆరులో పక్షవాతమొచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. అక్షరాలు చూపిస్తే పోల్చుకోలేక తల తిప్పేసేవారు. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. ఆయనకేం కావాలో మనమే ఊహించాలి. తప్పుగా ఊహిస్తే కళ్ళు మూసుకునేవారు.

చూడామణి ఉదయభాస్కర్ దగ్గరికెళ్ళి అడిగిందట.

"సార్, ఫోన్‌లో పాము ఆట ఉందిగదా. మీట నొక్కితే పాము తిరుగుద్ది. అట్టాగే ఒక్కో మీటకీ ఒక్కో మాట పలికించలేమా?"

"పలికించొచ్చు మేడం. ఫోను ఆటలూ జావాలోనే రాస్తారు. మీరే రాయండి. ఆరేళ్ళు కొట్టారుగా."

"నా చేతులకొచ్చుగానీ నాకు రాదండీ."

"అయితే చేతుల్నే అడగండి."

నాలుగు నెలలు పట్టింది. ముందు పెళ్ళిశుభలేఖ వెనక ఫోనంత కొలతలో అంకెల మీటలకి తగ్గట్టు తొమ్మిది గళ్ళు గీసి, ఆయన ఎడమచేతిలో పెట్టి, బొటనవేలు ఎక్కడిదాకా అందుతుందో చూసింది. కింద కుడిమూలకి అందలేదు. అందుకని ఆ తొమ్మిదో గడి ఖాళీగా వదిలేసి, మిగతా ఎనిమిదింటిలో మంచినీళ్ళు, కాఫీ, అన్నం, ఫ్యాను, దుప్పటి, నొప్పి, బాత్రూము, పడుకుంటా అని బొమ్మలు పెట్టింది. మగగొంతు కావాలని మా ఆయన బ్రహ్మయ్య చేత ఆ మాటలు చెప్పించింది. మా ఇంట్లో పూటకి నాలుగు మాటలు మాట్లాడని మనిషి వెళ్ళి ఎనిమిది చెప్పొచ్చాడు.

మొదటిరోజు కుటుంబరావుగారు మీట మీద వేలు అలాగే ఉంచేశారు. ఫోను మంచినీళ్ళు, మంచినీళ్ళు అని ఆపకుండా అరిచింది. మా ఆయన అరుగు మీద నుంచే, "నా గొంతుకి దాహమేసినట్టుంది, చూడమ్మా," అన్నాడు. ఎంతసేపు నొక్కినా ఒక్కసారే పలికేలా, నొక్కిన గడి పసుప్పచ్చగా మారేలా రెండ్రోజుల్లో సరిచేసింది.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. అన్నం అని నొక్కేది ఆయనే, కంచం తెస్తే తోసేసేదీ ఆయనే. ఖాళీ గడి మీదకి వేలు సాగదీసి, సాగదీసి నొక్కేవారు. కూర మార్చింది, పప్పు మార్చింది. మనిషి చిక్కిపోయాడు. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాలన్నాడు డాక్టరు.

"తప్పు నా రాతలోనే ఉంది వదినా. ఏ మీట దేనికి తగుల్తుందో తెలీట్లేదు," అని చూడామణి ప్రోగ్రాము రాసుకున్న కాగితాలు పరుచుకుని కూర్చుంది.

ఆదివారం బస్సు కండక్టరు జయమణి ఆయన్ని చూడ్డానికొచ్చింది. ఆమె కళ్ళముందే ఆయన ఖాళీగా ఉన్న తొమ్మిదో గడి నొక్కి, కంచం చూడామణి వైపు తోశారు.

"ఏవండీ, ఇదీ నచ్చలేదా?" అంది చూడామణి.

"కూర సంగతి కాదు పిన్నిగారూ," అంది జయమణి. "బస్టాండులో బాబాయిగారు క్యారేజీ విప్పేముందు మా అందర్నీ తిన్నారా, తిన్నారా అని అడిగేవారు. ఒకళ్ళు లేదన్నా మూత తీసేవారు కాదు. మీరు తిన్నారా?"

చూడామణి ఆయనకి పెట్టి, అన్నీ సర్ది, మూడింటికి వంటింట్లో ఏదో ఇంత తినేది. ఒక్కోరోజు అదీ లేదు.

సాయంత్రం మళ్ళీ మా ఆయన్ని పిలిచి, "నువ్వు తిన్నావా?" అని చెప్పమంది. ఆయన తడబడ్డాడు.

"అలవాటు లేని మాటగా, రెండుసార్లు చెప్పి చూసుకోండి," అన్నా నేను.

ఈసారి ఆ మాట పెట్టిన తొమ్మిదో గడిని ఇంకో గడితో తారుమారు చేసి, ఆయన వేలికి అందే చోటుకి జరిపింది. మర్నాడు కంచం రాగానే ఆయన నొక్కారు. ఫోను అడిగింది.

"లేదండీ," అంది చూడామణి.

కంచం మళ్ళీ ఆమె వైపు జరిగింది. వెళ్ళి ఇంకో కంచం తెచ్చుకుంది. ఆ పూట ఆయన మెతుకు వదల్లేదు.

మంచంలో ఉన్న మనిషి మననుంచి ఏం కోరతాడా అనే అందరం చూశాం. మనల్ని అడగాల్సింది ఆయనకీ ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు. తరవాత నందిగామలో మాటపోయిన ఇద్దరికి, గరికపాడులో ఆరోగ్యమ్మగారికి ఇలాంటివే చేసిచ్చినప్పుడు చూడామణి ముందుగా ఇంట్లోవాళ్ళని అడిగింది ఇదే: "మీ మనిషి బాగున్నప్పుడు మిమ్మల్ని ఏమడిగేవారు?"

మేం మైలవరం వచ్చేసి ఏడాదయింది. ఆ ఇన్‌స్టిట్యూట్ మూసేశారని, ఫోను మీటలు అరిగిపోయాయని విన్నాను. మీలో ఎవరైనా పేట వెళితే వాళ్ళింటికెళ్ళి చూసి రండి. ఆయన మీట నొక్కితే తలూపి ఊరుకోకుండా నోరు తెరిచి జవాబు చెప్పండి. చూడామణి ఎలా ఉందో నాకో ముక్క రాయండి.