నా బదులు ‘ఆయ్’ అన్న కంప్యూటరు

మా అక్క పెళ్లి సంబంధాన్ని దాదాపు గోదాట్లో కలిపిన ఘనుడి కథ చెబుతాను, వినండి. ఆ ఘనుడు నేనే. జాతకాలు కలవలేదని తప్పించుకుందామంటే మేం క్రైస్తవులం, జాతకాలు చూసే అలవాటే లేదు. కాబట్టి నేరం మొత్తం నాదే. మీరు నవ్వు ఆపుకోనక్కర్లేదు. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఆపుకోవడం లేదు.

రెండు వేల ఐదో, ఆరో. అమలాపురం గడియార స్తంభం దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటరుకి నేను ఇన్‌చార్జిని. ఇన్‌చార్జి అంటే పొద్దున షట్టరెత్తి, రాత్రి షట్టరు దించి, మధ్యలో ఎవరికీ అర్థం కాని ఇంగ్లీషు మాటలు నాలుగు విసిరేవాడని అర్థం. ఏదో కంప్యూటరు కోర్సు చేసి, సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి, రక్షకుడి పటం పక్కనే తగిలించాను. మా అమ్మ దాన్ని తీసి వంటింటి గోడకి మార్చింది. నా అహంకారానికి అది చాలలేదు. ఎవరైనా టైమెంతని అడిగినా ముందు కీబోర్డు మీద రెండు మీటలు నొక్కి, తర్వాత గోడ గడియారం చూసి చెప్పేవాణ్ని.

అప్పట్లో చాటింగు కంపెనీలు వర్షాకాలం పుట్టగొడుగుల్లా లేచాయి. కువైట్‌లో మా పిన్ని ఒకదాంట్లో ఉండేది. హైదరాబాదు స్నేహితులు ఇంకోదాంట్లో. ఒకదాంట్లో ఉన్నవాడు రెండోదాంట్లో ఉన్నవాడితో మాట్లాడలేడు. అందరితో మాట్లాడాలంటే నాలుగు కిటికీలు తెరిచి, నాలుగు పాస్‌వర్డులు గుర్తుపెట్టుకోవాలి. అలాంటి సమయంలో ఈ నాలుగింటినీ కలిపి ఒకే కిటికీలో చూపించే సాఫ్ట్‌వేరు ఒకటి నా కంటబడింది. ఇక నా ఆనందం చూడాలి. సెంటరుకి వచ్చిన ప్రతివాణ్నీ కూర్చోబెట్టి చూపించాను. పరీక్ష ఫలితాలు చూసుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన పాపం అరగంట చూసి, “బాగుందండి, మరి మా మనవడు పాసయ్యేడాండీ?” అని అడిగాడు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని పెద్దలన్నారు. నేను నాలుగు పడవల్ని ఒకే తాడుతో కట్టి, దానికి గోదారి దాటించే పంటు అని పేరు పెట్టి, మా అక్కని ఎక్కించాను.

మా అక్క సునీత గవర్నమెంటు స్కూల్లో టీచరు. పరీక్ష రాసి, కొత్తపేట దగ్గర పోస్టింగు తెచ్చుకుంది. నిద్రలో కూడా పిల్లల చేత ఎక్కాలు చెప్పించే రకం. ఆమెకి రాజోలు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు కిషోర్, ఓడలరేవు వైపు గ్యాస్ ప్లాంటులో ఇంజనీరు. తండ్రి లేడు. వ్యవహారాలన్నీ దుబాయిలో ఉన్న వాళ్ల అన్నయ్య చూస్తాడు. ఆ అన్నయ్య ఒక చాటింగులో, కిషోర్ ఇంకో చాటింగులో ఉంటారు. రిటైర్డు హెడ్‌మాస్టరైన మా నాన్నకి కంప్యూటరంటే టీవీకి చుట్టం. అందుకని రాయబారం నా నెత్తిన పడింది.

అక్క నన్ను పిలిచి ఒకటే మాట చెప్పింది.

“ఒరే ప్రభాకరూ, అబ్బాయి నచ్చేడు. కానీ పెళ్లయ్యాక నేను ఉద్యోగం మానను. ఆ మాట వాళ్లకి స్పష్టంగా రాసెయ్. దానికి ఒప్పుకుంటేనే మిగతా మాటలు.”

“అంతేగా, నిమిషంలో పని,” అన్నాను.

ఆ నిమిషం నాకు దొరకలేదు. ఎందుకంటే నేను ఆ సాఫ్ట్‌వేరులో అక్షరాలకి రంగులు మార్చడంలో తలమునకలై ఉన్నాను. ఇంతలో శుక్రవారం వచ్చింది. మా స్నేహితుడికి ఉద్యోగం వచ్చిందని అందరం దిండి వెళ్లి పడవెక్కాలని అనుకున్నాం. వెళ్లేముందు నాకొక సందేహం. నేను లేనప్పుడు ఎవరైనా మెసేజ్ పెడితే? దానికీ ఆ సాఫ్ట్‌వేరులో ఏర్పాటుంది. మనం లేనప్పుడు నాలుగు చాటింగుల్లోనూ తనే జవాబిస్తుంది. అందులో ముందే రాసిపెట్టి ఉన్న జవాబు, ‘నేను ప్రస్తుతం లేను’ అని ఇంగ్లీషులో.

ఇక్కడే నాలోని కోనసీమవాడు నిద్రలేచాడు. గుమ్మంలోకొచ్చిన మనిషి మొహాన ‘లేను’ అంటామా? అప్పివ్వమన్న వాడికి కూడా లేదని చెప్పలేక ‘చూద్దామండి’ అనే జాతి మనది. ఛీ, ఆ ఇంగ్లీషువాడికి మర్యాద తెలియదని చిరాకుపడి, ఆ వాక్యం చెరిపేసి, ఎవరు ఏది రాసినా వెంటనే వెళ్లేలా నా సొంత వాక్యం పెట్టాను.

‘ఆయ్, అలాగేనండి.’

నా సంస్కారానికి నాకే ముచ్చటేసింది. దిండిలో పడవ మీద పులసలు దొరకని కాలంలో పులస గురించి మాట్లాడుకుంటూ రొయ్యల వేపుడు తిన్నాం. అదే సమయానికి, శుక్రవారం సెలవు కాబట్టి, దుబాయి అన్నయ్య తీరిగ్గా కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

శనివారం సెంటరుకొచ్చి నేను చేసిన మొదటి పని ఆ మెసేజులు చదవడమని మీరనుకుంటే, మీరు నన్ను గౌరవిస్తున్నారన్నమాట. ఆ రోజు కరెంటు లేదు. నేను ఇంటికెళ్లి పడుకున్నాను.

ఆదివారం చర్చి అయ్యాక కిషోర్, వాళ్లమ్మగారు మా ఇంటికి వచ్చారు. కిషోర్ మొహం వాడిపోయి ఉంది. కాఫీలు అయ్యాక ఆవిడ మెల్లగా మొదలుపెట్టారు.

“అమ్మాయి ఉద్యోగం మానేస్తుందని మా పెద్దాడు చెప్పేడండి. నన్ను చూసుకోడానికి ఇంటిపట్టున ఉంటుందంట. గవర్నమెంటు ఉద్యోగం కదండీ, బాగా ఆలోచించుకున్నారా అని.”

నాన్న అక్క వైపు చూశారు. అక్క గ్లాసు కింద పెట్టింది.

“మానేస్తానని నేనెవరికి చెప్పేనండీ?”

“మీ తమ్ముడుగారు చెప్పేరండి,” అన్నాడు కిషోర్. “అన్నయ్య అడిగితే చెప్పేరంట. నాకు నమ్మకం కుదరక నేనూ విడిగా అడిగేను.”

“ఏమన్నాడు?”

“ఆయ్, అలాగేనండి అన్నారు.”

అక్క నా వైపు తిరిగింది. హోంవర్కు చెయ్యని పిల్లల కోసం దాచుకున్న చూపది.

“నేను కాదక్కా. కంప్యూటరు.”

“కంప్యూటరు ఆయ్ అందా?” అన్నారు నాన్న.

“అందండి.”

“మరి నువ్వెక్కడున్నావు?”

“దిండిలోనండి.”

“అయితే పిల్లనిచ్చేది కంప్యూటరన్నమాట. మేం దండగ.”

కిషోర్ తల్లిగారు తల అడ్డంగా ఊపారు. “ఎంత కంప్యూటరైనా దానంతటది అంత మర్యాదగా ఎలా మాట్లాడుతుంది బాబూ? ఇష్టం లేకపోతే చెప్పెయ్యండి, మేమేం అనుకోం.”

సంబంధం గుమ్మం దాటి వెళ్లిపోతోంది. అక్క కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నిజంగా భయమేసింది. “ఒక్కసారి సెంటరుకి రండి, చూపిస్తాను,” అని బతిమాలి, అందర్నీ రెండు ఆటోల్లో ఎక్కించాను.

నా కంప్యూటరు మీద ఆ మర్యాదస్తుణ్ని మళ్లీ కాపలా పెట్టి, కిషోర్‌ని ఇంకో కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. “ఏదైనా అడగండి,” అన్నాను.

కిషోర్ రాశాడు: ప్రభాకర్ గారూ, భోజనం చేసేరా?

ఆయ్, అలాగేనండి.

మీ అక్కగారు ఉద్యోగం మానేస్తారా?

ఆయ్, అలాగేనండి.

ఉద్యోగం చేస్తూనే పెళ్లి చేసుకుంటారా?

ఆయ్, అలాగేనండి.

నాన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. “నేను చెప్పింది రాయి బాబూ. మా వాడు గాడిదేనా అని అడుగు.”

ఆయ్, అలాగేనండి.

“అన్నిట్లోకీ ఇదొక్కటి నిజం చెప్పింది,” అన్నారు నాన్న.

ముందుగా నవ్వింది కిషోర్ తల్లిగారు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, అవి తుడుచుకుని, అక్క చెయ్యి పట్టుకున్నారు. “నన్ను చూసుకోడానికి మనిషి కావాలని మా పెద్దాడికి ఎవరు చెప్పేరో మరి. నేనేం మంచం పట్టేనా? నర్సు ఉద్యోగం చేసుకుంటూనే వీళ్లిద్దర్నీ చదివించేనమ్మా. నా కోడలి చేత ఉద్యోగం మానిపిస్తే నాకు సిగ్గుచేటు. వాడితో నేను మాట్లాడతాను.”

కిషోర్ తల వంచుకునే అన్నాడు. “మానొద్దని చెప్పాలనే నేను అడిగేనండి. ఆయ్ అని వచ్చేసరికి, మీకే బడి మీద ఇష్టం లేదేమో అనుకున్నాను. దిగులేసింది.”

అక్క కళ్లు చెమర్చాయి. అప్పుడు నాకు పట్టిన సిగ్గు ఇంతా అంతా కాదు. ఆమె బతుకులో అంత పెద్ద మాటని నేను రంగులు మార్చుకుంటూ మర్చిపోయాను. వెళ్లి కాళ్ల మీద పడదామనుకున్నాను గానీ, ఈలోగా ఆమె నా చెవి పట్టేసుకుంది.

తర్వాత నెలలోనే ప్రధానం, అంటే మా నిశ్చితార్థం, జరిగింది. ఉంగరాలు మార్చుకునే ముందు పాస్టరుగారు, “ఈ సంబంధం అమ్మాయి తరఫువారికి ఇష్టమేనా?” అని అడిగారు. పక్కనే కొత్త చొక్కాలో నిలబడ్డ నేను, తమ్ముడి హోదాలో గొంతు సవరించుకున్నాను.

“అయ్యగారూ,” అంది అక్క, “మా తరఫున నేనే చెప్తానండి. మా తమ్ముడు చెప్పింది చెల్లదు.”

పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టడానికి చాలాసేపు పట్టింది.

కావున సకల జనులకూ ఇందుమూలముగా ప్రమాణపూర్వకంగా తెలియజేయునది ఏమనగా, బొందిలో ప్రాణం ఉండగా నా తరఫున ఇంకే యంత్రాన్నీ మాట్లాడనివ్వను. యంత్రం దాకా ఎందుకు, ఆ రోజు నుంచి మా ఇంట్లో నా తరఫున నన్ను కూడా మాట్లాడనివ్వడం లేదు.