గ్లాసు బయటి చెమ్మ

మొన్న సాయంత్రం జగిత్యాలలో మా ఇంటి ముందు గదిలో, కోరుట్ల బడిలో సైన్సు చెప్పే నా బిడ్డ ఫోనులో ఎఫ్ఏ మార్కులు ఎక్కిస్తుంటే పక్కన కూర్చుని చూశాను. పాఠం నడుస్తుండగానే పిల్లలకు ఎంత అర్థమైందో, ఎక్కడ తడబడుతున్నారో కనిపెట్టడానికి పెట్టిన మూల్యాంకనం అది. వరుసగా అందరికీ ఇంచుమించు నిండు మార్కులే పడుతుంటే, పిల్లలకు ఈ పాఠం అంత బాగా వచ్చిందా అని సంబరంగా అడిగాను. ఆ పాఠం ఇంకా మొదలే పెట్టలేదట. మార్కులు మాత్రం ఆ రోజే ఎక్కించాలని బడివాళ్ల హుకుం అట.

మా రోజుల్లో పిల్లలకు ఎంత అర్థమైందో కనిపెట్టే ఆ పనికి పేరు లేదు గానీ పని ఉండేది, మీలో పంతుళ్లుగా చేసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. నేను సిరిసిల్ల బడిలో టీచరుగా కొత్తగా చేరిన ఏడు, మరమగ్గాల చప్పుడు కిటికీల్లోంచి వచ్చి గొంతును మింగేసే ఆ గదిలో అరిచి అరిచి లాభం లేక, పాఠానికి ముందే ఒక ప్రశ్న వేసి, జవాబు పలకల మీద రాయించి, ఒకరిది ఒకరు చూడకుండా గుండెకు ఆనించుకుని, నేను చప్పట్లు కొట్టగానే పైకెత్తమనేదాన్ని. ఆ పలకలు చూస్తే పాఠం ఎక్కడి నుంచి ఎత్తుకోవాలో తెలిసిపోయేది. ఇంట్లో కూర్చుని తయారుచేసుకున్నది చాలాసార్లు పక్కన పడేయాల్సి వచ్చేది, అందుకు కోపమూ వచ్చేది, అబద్ధమెందుకు.

ఒక ఎండాకాలం ఐసుబండి దగ్గర ముక్కలు తెప్పించి స్టీలు గ్లాసు నీళ్లలో వేసి, గ్లాసు బయట పట్టిన చెమ్మ ఎక్కడిదని అడిగాను. పలకలన్నీ ఒకటే మాట, లోపలి నీళ్లు ఊరుతున్నాయని. ఇంట్లో నీళ్లు పోసి పెట్టే మట్టి రంజన్ ఊరుతుంది, మరి గ్లాసు ఎందుకు ఊరదని వాళ్ల లెక్క. గాలిలోని తేమ గురించి చెబుదామని సుద్దముక్క అందుకున్నానో లేదో, నూలుకు రంగులద్దే వాళ్లింటి పిల్ల, మామూలుగా నోరు మెదపనిది, లేచి నిలబడింది.

"టీచర్, నీళ్లల్ల రంగు కలుపుదం. ఊరితే బయటి చెమ్మకు గూడ రంగు రావాలె గద!"

ఆ పిల్ల పలక మీద కూడా ఊరుతున్నాయనే రాసి ఉంది. ఎర్ర రంగు కలిపాం. బయట తేటనీటి చుక్కలే పట్టాయి. ఇక చూడాలి ఆ గోల! మరి ఇవి ఎక్కడివని వాళ్లలో వాళ్లే వాదులాడుకుంటుంటే మగ్గాల చప్పుడు వినిపించనే లేదు. ఆ రోజు ఇంటికి వెళ్తుంటే నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఈ ముచ్చట వింటూనే నా బిడ్డ పెరిగింది. ఇంకేదైనా కొలువు చూసుకోమని వాళ్ల నాన్న ఎంత చెప్పినా టీచరే అవుతానని మొండికేసింది. అందుకే మార్కులు ఎక్కించిన మర్నాడు, ఆ గ్లాసు ప్రయోగం చేసి చూడు, మనసు కుదుటపడుతుందని పోరుపెట్టి పంపాను. సాయంత్రం బస్సు దిగి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గడపలోనే కూలబడింది.

"ఒక్కలు గూడ నోరు తెరువలేదమ్మా. తప్పయినా మంచిదే, చెప్పుండ్రి అన్న. పెన్నులు వట్టుకొని, జవాబు బోర్డు మీద రాయుమని చూసుకుంట కూసున్నరు. ఇగ నాతోని కాదు. గీ ఏడుతోని ఇడిసిపెడ్త."

మా కాలంలో గదులు ఇరుకు, జీతాలు అంతంతమాత్రం, ప్రయోగానికి గ్లాసు కూడా ఇంటి నుంచి పట్టుకుపోయిందే. అయినా తరగతి నిండా తప్పులుండేవి, వాటిని పట్టుకుని పిల్లల మనసులోకి నడిచిపోయేవాళ్లం. ఇప్పుడు తప్పు చెప్పే పిల్లలే లేరు. వాళ్లు లోపల ఏమనుకుంటున్నారో ఏ టీచరుకు తెలుస్తుంది, ఎట్లా తెలుస్తుంది? ఆ దిగులు నన్ను తినేస్తోంది. ఓపిక పట్టు బిడ్డా అందామని నోటిదాకా వచ్చింది. కానీ తనను ఈ దారి పట్టించింది నా మాటలే కదా. ఇన్నేళ్లు ఎందరి పిల్లలకో ధైర్యం చెప్పిన నేను, కడుపున పుట్టిన బిడ్డతో మానెయ్యకు అని అనలేకపోయాను.