గుండ్లకు నెయ్యి

నా పాతకాలపు తుపాకిలో పేల్చే సీసపు గుండ్లకు తేనెమైనం, జంతువుల కొవ్వు కలిపి కరిగించి పూయాలి. లేకపోతే మసి గట్టిపడి గొట్టం పూడుకుపోతుంది. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, చదివి తెలుసుకున్నాను. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ కెనడాలో ఏజాక్స్ ఊళ్లోని ఈ వంటింట్లోకి కొవ్వు రానివ్వలేదు. దాని బదులు నెయ్యి కలుపుకోమనేది.

ఆమె చనిపోయిన ఏడాదికి మా అమ్మాయి కొవ్వు డబ్బా ఆర్డర్ చేసి తెచ్చింది.

"ఇంకా నెయ్యేంటి నాన్నా? ఇప్పుడెవరు వద్దంటారు?"

"ఎవరు వద్దంటారా? మీ అమ్మ ఇల్లమ్మా ఇది!" అని గట్టిగానే కసిరాను. అయినా అమ్మాయి వెళ్లిపోయాక, ఒక్కసారి చూద్దామనుకుని స్టవ్ వెలిగించాను. మైనం కరిగింది. డబ్బా మూత మీద చెయ్యి వేయగానే వెనక మా ఆవిడ దగ్గు వినిపించింది. మైనం వాసనకు ఎప్పుడూ అలాగే దగ్గేది.

మూత తీయలేదు. డబ్బా పక్కకు నెట్టేశాను. వెనక్కి తిరిగితే ఆ దగ్గు ఆగిపోతుందేమోనని మైనం కలుపుతూ అలాగే నిలబడ్డాను.