నోలీన్ ఆంటీ నిలబడి తిన్న కేకు

మా ఊరి ఫైర్ స్టేషన్లో జీతం తీసుకునేవాడు ఒక్కడూ లేడు. సైరన్ మోగిందంటే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తాల్సిందే. నేను గ్యారేజీలో పానా పడేసి వస్తాను. మా చీఫ్ బెవన్ పాలషెడ్డులోంచి పేడ బూట్లతోనే వస్తాడు. నోలీన్ ఆంటీ వృద్ధాశ్రమం వంటగదిలోంచి ఏప్రన్‌తో వస్తుంది, కానీ పొయ్యి ఆర్పి, ఆర్పానా లేదా అని ఇంకోసారి చూసుకుని మరీ వస్తుంది. నిప్పు విషయంలో అంత జాగ్రత్త గల మనిషి న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఉన్న మా సౌత్‌లాండ్ మొత్తంలో లేదని నేను ఒట్టేసి చెప్పేవాణ్ణి. అలాంటి మనిషి ఇల్లే తగలబడింది.

ఊరందరికీ ఆమె ఆంటీయే. బెవన్ ఆమెకంటే పెద్దవాడు, వాడూ ఆంటీ అనే పిలుస్తాడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం సైరన్‌కి సొంత చెల్లెలు. బండి తోలేది నేను, పంపు నడిపేది ఆమె. నీళ్ళ ఒత్తిడి తేడా వస్తే లోపల పైపు పట్టుకున్నవాడి ప్రాణం మీదికొస్తుంది. పంపు దగ్గర ఆంటీ ఉందంటే మావాళ్ళు నిశ్చింతగా లోపలికి వెళ్ళేవాళ్ళు.

మా స్టేషన్లో ఒక రివాజు ఉంది. పనిలో తప్పు చేసినవాళ్ళు మంగళవారం ప్రాక్టీసుకి కేకు చేసి తేవాలి. కొన్న కేకు చెల్లదు. ఆ రివాజు ముందునుంచీ ఉన్నదే, దాన్ని ఇంత కచ్చితం చేసింది మాత్రం ఆంటీ. కేకు ఆమే కోస్తుంది. మొదటి ముక్క తప్పు చేసినవాడు అందరి ముందూ నిలబడి తినాలి. వాడు తింటున్నంతసేపూ మిగతావాళ్ళం నోటికొచ్చినట్టు ఏడిపిస్తాం. ఆ తర్వాత తలో ముక్క తింటాం. కేకు అయిపోతే తప్పు కూడా అయిపోయినట్టే, మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. నేనొకసారి హ్యాండ్‌బ్రేక్ వేయడం మరిచిపోయి బండిని చర్చి కంచెలోకి దొర్లించాను. "ఒరేయ్ లాకీ, దేవుడు పిలవకముందే వెళ్ళిపోయావేంట్రా!" అని ఆంటీ అంటే, నవ్వలేక ఏడవలేక చాక్లెట్ కేకు మింగాను. ఆ తర్వాత కంచె మాట ఎవరూ ఎత్తలేదు.

ఆంటీకి చిన్నప్పట్నుంచీ సిగరెట్టు అలవాటు. మాంసం ఫ్యాక్టరీలో చల్లటి గదుల్లో పనిచేసి చేసి ఆమె భర్త రూపెనె ఊపిరితిత్తులు పాడయ్యాక, ఇంట్లో పొగ పనికిరాదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆంటీ సిగరెట్టు మానేసి ఈ-సిగరెట్టు పట్టింది. పళ్ళ వాసనలేసే ఆవిరి పీల్చుకునే దాన్ని మా ఊళ్ళో గొట్టం అంటాం. కొన్నాళ్ళకి గొట్టం కూడా మానేశానని స్టేషన్ సాలీనా విందులో లేచి చెప్పింది. అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. బెవన్ అయితే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ చప్పట్లే ఆమె కొంప ముంచాయని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అన్ని చప్పట్లు కొట్టించుకున్నాక, మళ్ళీ మొదలుపెట్టానని ఏ మొహంతో చెబుతుంది?

అదే ఏడు గొట్టం బ్యాటరీ పేలి ఊరి చివర ఒక కారవాన్, అదే చక్రాల ఇల్లు, కాలిపోయింది. దాంతో ఇంటింటికీ వెళ్ళి జాగ్రత్తలు చెప్పే పని ఆంటీ నెత్తినేసుకుంది. చర్చివాళ్ళ పాతసామాన్ల కొట్లో నీలం అంచు పింగాణీ పళ్ళేలు గుట్టగా పడివుంటే అన్నీ తెచ్చేసింది. ఇంటికొకటి ఇచ్చేది.

"పరుపు మీద, సోఫా మీద పెట్టొద్దు. దీని మీద పెట్టి చార్జ్ చేసుకోండి. దాంతో వచ్చిన వైరే వాడండి, ఫోను వైరు తగిలించొద్దు. నిద్రపోతూ పెట్టొద్దు, బయటికెళ్తూ పెట్టొద్దు. నిండగానే పీకెయ్యండి. బ్యాటరీ తొడుగు చిరిగిందా, ఇక దాని పని అయిపోయినట్టే, చెత్తబుట్టలో వెయ్యకుండా నాకివ్వండి."

బడి హాల్లో మీటింగు పెట్టినప్పుడు, సూపర్‌మార్కెట్లో పనిచేసే క్రిస్టల్ లేచి, "పిల్లలు లాగేస్తారని నేను దిండు పక్కన పెట్టుకుంటా ఆంటీ," అంది పాపం, అమాయకంగా.

"మంచం మీదా? పరుపు మీదా? సిగ్గు లేదూ నీకు?" అంది ఆంటీ.

హాలంతా గొల్లుమంది. క్రిస్టల్ చెవులు కూడా ఎర్రబడ్డాయి. ఆ కసితోనో ఏమో, మరుసటి నెలలోనే మా స్టేషన్లో చేరి ఆంటీ దగ్గరే పంపు నేర్చుకోవడం మొదలుపెట్టింది.

ఇక ఆ శనివారం. కొత్త పైపులు కొనడానికని రగ్బీ మైదానం దగ్గర టేబుల్ వేసుకుని చీజ్ రోల్స్ అమ్ముతున్నాం. సైరన్ మోగింది. స్టేషన్ రోడ్డుకి అవతలే. ఆంటీ చేతికున్న వెన్న ఏప్రన్‌కి తుడుచుకుని మా అందరికంటే ముందు ఉరికింది. మంట ఎక్కడో చూపించే ఆమె పేజర్ కోటు జేబులో ఉండిపోయింది. ఇంటికి పరుగెత్తాల్సిన మనిషి, ఇల్లు అటుంటే ఇటు స్టేషన్‌కి పరుగెత్తింది.

బండి కదిలాక బెవన్ తన పేజర్ చూసుకుని, దాన్ని తొడమీద బోర్లించేశాడు.

"ఎక్కడ?" అంది ఆంటీ వెనక సీట్లోంచి. "నిన్నే బెవన్! ఎక్కడ?"

"మీ ఇల్లు ఆంటీ."

"రూపెనె పడుకునుంటాడు," అంది. నేను యాక్సిలరేటర్ తొక్కాను.

రూపెనె ముందు గడ్డిలో కూర్చుని దగ్గుతున్నాడు, ఒళ్ళో కుక్క. నడవలో పొగ అలారం మోగితే లేచి బయటపడ్డాడట. వెనక గది కిటికీలోంచి నల్లటి పొగ వస్తోంది. ఆంటీ అతని తలమీద ఒక్కసారి చెయ్యివేసి పంపు దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఆంటీ, నువ్వు కూర్చో. క్రిస్టల్ చూసుకుంటుంది," అన్నాడు బెవన్.

"నా పంపు ఎవరూ ముట్టుకోకండి."

తన ఇంటికి వీపు పెట్టి నిలబడి, తన ఇంటి మంటకి తనే నీళ్ళు పంపింది. ఆ నిబ్బరానికి దణ్ణం పెట్టాలనిపించింది నాకు. ఒక్కటి మాత్రం వింతగా తోచింది. ఎక్కడ అంటుకుంది, ఎలా అంటుకుంది అని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.

మంటలు ఆరాక బెవన్ పార మీద ఏదో పట్టుకుని వచ్చాడు. పగిలిన బ్యాటరీ, కరిగిపోయిన గొట్టం, దానికి అతుక్కుపోయిన ఫోను వైరు.

"కుట్టుమిషన్ గదిలో, మంచం మీంచి మొదలైంది. పైన దుప్పటి కప్పి మరీ చార్జింగ్ పెట్టారు. ఆ గదిలో అలారం కూడా లేదు, ఎవరో పీకి సొరుగులో దాచారు. ఎవరిదిది?"

ఆంటీ పంపు మీద ముల్లు వైపు చూస్తోంది. నీళ్ళు ఎప్పుడో ఆపేశాం, ముల్లు సున్నా దగ్గరే ఉంది.

"నాది," అన్నాడు రూపెనె దగ్గుతూనే. "బుద్ధి గడ్డి తిని మొదలుపెట్టాను. ఆవిరికి అలారం కూస్తుంటే పీకేశాను."

ఆ తర్వాత ఊరు ఊరంతా అతని మీద పడింది. పబ్బులో, పోస్టాఫీసులో, ఎక్కడ కనపడితే అక్కడ. పెళ్ళాం ఇంటింటికీ తిరిగి నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, ఈ పెద్దమనిషి ఇంట్లో చేసిన నిర్వాకం ఇదీ అని. నేనూ ఊరుకోలేదు. "ఊపిరికే దిక్కులేదు, ఆవిరి కావాల్సొచ్చిందా అంకుల్?" అన్నాను. "ఆశ చావలేదురా లాకీ," అని నవ్వాడు. ఆంటీ నా పక్కనే ఉంది. నేల చూపులు చూస్తుంటే మొగుడి పనికి తలవంపులనుకుంటోందని జాలిపడ్డాను.

ఆమె తలవంపులు వేరు. అద్దె ఇంట్లో సామాను సర్దుకుంటున్న రోజు వాళ్ళిద్దరి మధ్యా నడిచింది తర్వాత ఆమే నాకు చెప్పింది.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అని అడిగిందట.

"కుట్టుమిషన్ దగ్గర మామిడిపండు వాసన ఎందుకొస్తుందే? బట్టలేమైనా పండుతున్నాయా?" అన్నాడట రూపెనె. "నువ్వు నోరెత్తకు. నీ మాట వినే ఊళ్ళోవాళ్ళు పళ్ళేల మీద పెట్టుకుంటున్నారు. నీ మాట పోతే గొట్టాలన్నీ మళ్ళీ మంచాలెక్కుతాయి. నాదేముంది, తిట్టనీ."

"సరే అన్నానురా," అంది నాతో. "కనీసం కాసేపు బతిమాలించుకోనైనా లేదు. హమ్మయ్య అనుకుని సరే అన్నాను. మంటకంటే అది తల్చుకుంటేనే నాకు తల తీసేసినట్టవుతుంది."

చార్జింగ్ లైటు కూడా ఎవరికీ కనపడకూడదని దుప్పటి కప్పిన మనిషి, ఇప్పుడు మొగుణ్ణే కప్పుకుంది.

అది అక్కడితో ఆగలేదు. చలికాలంలో రూపెనెకి ఊపిరితిత్తుల ఆపరేషన్ చేయాల్సి ఉంది. క్లినిక్ నుంచి నర్సు ఫోన్ చేసింది. గొట్టం పీల్చేవాళ్ళకి ఆపరేషన్ చేయరు, ప్రస్తుతానికి వాయిదా వేశారు, మానేశాక మళ్ళీ చూద్దామని. "సరేనమ్మా," అని రూపెనె ఫోన్ పెట్టేసి, "భోజనంలోకి ఏం చేస్తున్నావ్?" అని అడిగాడట. ఆంటీ బంగాళాదుంపలు ఒలుస్తోంది. ఆ నర్సు ఎవరో కాదు, బెవన్ భార్య. ఆమెతో చెబితే స్టేషన్‌కి చెప్పినట్టే. ఆంటీ ఫోన్ అందుకుంది, నంబరు నొక్కలేక మళ్ళీ పెట్టేసింది. రెండు మెట్లెక్కితే రొప్పే మనిషి పక్కగదిలో రొప్పుతూనే ఉన్నాడు.

ఆ తర్వాతి మంగళవారం వచ్చింది. ప్రాక్టీసు అయి టీ పోసుకుంటుంటే తలుపు తోసుకుని రూపెనె వచ్చాడు. చేతిలో నీలం అంచు పళ్ళెం, దానిమీద నడుమ కుంగిపోయిన అరటిపండు కేకు.

"నేను మీ స్టేషన్ వాణ్ణి కాకపోయినా మీ ఆంటీ రూలు రూలే కదా," అన్నాడు ఎగశ్వాసతో.

ఇక మావాళ్ళకి పండగే. "కేకు మీద కూడా దుప్పటి కప్పి తెచ్చావా అంకుల్?" అని ఒకడు. "పొయ్యి ఆర్పావా, ఫైరింజను పంపమంటావా?" అని బెవన్. రూపెనె అన్నిటికీ తలూపుతూ నవ్వుతున్నాడు. ఆంటీ కత్తి తీసుకుంది. మొదటి ముక్క కోసింది. రూపెనె దానికోసం చెయ్యి చాపాడు.

ఆంటీ ఆ ముక్క తన నోట్లో పెట్టుకుంది. నిలబడే, అందరి ముందూ.

"అది నాదే పిచ్చిదానా," అన్నాడు రూపెనె మెల్లిగా.

"కాదు," అంది నిండునోటితో. మింగలేకపోతోంది, ఉమ్మనూలేదు. చివరికి గొంతు దిగాక, "ఆ గొట్టం నాది. మంచం మీద పెట్టింది నేను, ఫోను వైరు తగిలించింది నేను. అలారం పీకింది కూడా నేనే. చప్పట్లు కొట్టించుకున్న వారానికే మళ్ళీ మొదలుపెట్టాను. ఈయన ఏనాడూ దాన్ని ముట్టలేదు. ఈయన ఆపరేషన్ పోతున్నా నేను నోరెత్తలేదు," అంది.

బెవన్ తన ఫోన్లో భార్య నంబరు నొక్కి, టేబుల్ మీదుగా ఆంటీ ముందుకి తోశాడు. "ఈ ముక్క మా ఆవిడకి చెప్పు. ఇప్పుడే."

మా అందరి ముందూ, అదే మాట మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. ఫోన్ తిరిగిచ్చాక కూడా ఆమె కూర్చోలేదు. ముక్క అయిపోయినా నిలబడే ఉంది. కేకు వైపు ఒక్క చెయ్యి కూడా కదల్లేదు.

"ఏదో ఒకటి అనండర్రా," అంది ఆంటీ. "నేను మిమ్మల్ని అనలేదూ? అనండి."

ఎవరంటారు? నాకైతే రూపెనెని నేనన్న మాటే చెవుల్లో గింగురుమంటోంది. బెవన్ టీ కప్పులోకి చూస్తున్నాడు. ఆంటీ కత్తి కిందపెట్టి ఏప్రన్ ముడి విప్పుకోబోయింది, ఇక వెళ్ళిపోదామన్నట్టు.

అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడైంది. క్రిస్టల్ లేచి, తన పళ్ళెం పట్టుకుని, సరిగ్గా ఆంటీ ఎదురుగా వచ్చి నిలబడింది.

"మంచం మీదా ఆంటీ? పరుపు మీదా?" అంది. బడి హాల్లో ఆంటీ అన్నట్టే, ఒక్క అక్షరం పోకుండా. "సిగ్గు లేదూ నీకు?"

అని, పళ్ళెం ముందుకి చాపింది.

ఆంటీ కత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ముక్క వంకరగా తెగింది. దాన్ని క్రిస్టల్ పళ్ళెంలో పెడుతూ, "ఉందే తల్లీ," అంది. "ఉంది."