పాతపట్నం దారిలో పసుపు చెయ్యి

సమస్త ప్రయాణికులకు, వారి చుట్టాలకు, చుట్టాల మేకలకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా: నౌపడా నుంచి బయలుదేరు చిన్న రైలులో మేకలకు కిటికీ పక్క చోటు ఇవ్వరాదు. ఇచ్చినచో అవి గాలికి మురిసిపోయి, ఎదుటివారి టిక్కెట్టు నమిలి, దిగవలసిన స్టేషనులో దిగవు. ఈ ఉత్తర్వు జారీ చేసే అధికారం నీకెవరిచ్చారని అడగరాదు. టిక్కెట్టు పోయినవాడికి ఆ అధికారం దానంతటదే వస్తుంది.

ఇక అసలు సంగతి. నాది చీపురుపల్లి, పేరు సింహాచలం. స్టేషను దారిలో స్టవ్వులు, పెట్రోమాక్సు లైట్లు, మందు కొట్టే పంపులు బాగుచేస్తాను. చదువు ఎనిమిదో తరగతి దాకా నాతో నడిచి, ఇక నా వల్ల కాదని వెనక్కి తిరిగిపోయింది. అరవై ఎనిమిదో సంవత్సరం, దీపావళి వెళ్ళిన వారం రామనాథం గారు మా కొట్టు మెట్లెక్కారు. ఆయన డాక్టరే గానీ సూది వేసే డాక్టరు కాదు, దోమల మీద చదివి డాక్టరైన మనిషి. ఈ జిల్లాల్లో ఏ వాగులో ఏ దోమ పుడుతుంది, ఎవరి రక్తం తాగుతుంది, తాగి ఎక్కడ పడుకుంటుంది అని, తల నల్లగా ఉన్న రోజుల నుంచి బట్టతల అయ్యేదాకా తిరిగారు. ఆయన రాసినవి ఎక్కడెక్కడి దేశాల్లోనో అచ్చయ్యాయట. అంత రాతలోనూ ఒక్క ఊరు ఆయన మాట వినలేదు. పాతపట్నం అవతల కొండ కింద ఊరది. మిగతా ఊళ్ళల్లో ఇళ్ళ గోడలకి దోమల మందు కొట్టాక చలిజ్వరం తగ్గితే, అక్కడ మాత్రం ఏటా మందు కొడుతున్నా ఏటా పిల్లలు పోతున్నారు. ఈసారీ కారణం తెలియకపోతే మందుకి లొంగని ఊరని రాసేసి వదిలేయమన్నారు పైవాళ్ళు. పంపులోనే లోపం ఉందేమో చూడ్డానికి నన్ను రమ్మన్నారు.

తెల్లవారుజామున ప్యాసింజరు ఎక్కితే తొమ్మిదింటికి నౌపడా. అక్కడ ఇడ్లీ తినండి, చట్నీ మాత్రం అడగకండి, అది దానంతటదే కదులుతుంది. చిన్న రైలు టిక్కెట్టు చవకే. దిగి, బీడీ వెలిగించుకుని, నడిచి వెళ్ళి మళ్ళీ ఎక్కగలిగినంత వేగంతో పోతుంది. ఎదురుగా మేకతో కూర్చున్న ఒకావిడ డాక్టరు గారి ఒళ్ళోని గుడ్డ కట్టిన గాజు గొట్టాల పెట్టె చూసి, “ఏటి బావూ అందల?” అంది.

“దోమలకి పెళ్ళి సంబంధాలు చూడ్డానికి ఎళ్తన్నాం అప్పా. పిల్లని సూసుకుని ఇందులో ఎక్కించుకొచ్చేస్తాం,” అన్నాను.

“కట్నం ఏటిస్తారేటి?”

“మనిషికో సుక్క రక్తం.”

ఆవిడ పకపకా నవ్వింది. డాక్టరు గారు నవ్వలేదు. “దోమని చంపడం పెద్ద పని కాదు సింహాచలం. దాని కాపురం ఎక్కడో తెలియాలి. నాకు ఆ ఊళ్ళో అదే తెలియలేదు,” అన్నారు. ఆ మాట అన్న గొంతు విన్నాక పాతపట్నం దాకా నేను నోరు తెరవలేదు. నా నోటికి అది పెద్ద శిక్ష.

పాతపట్నంలో భోజనం చేసి, ఆ ఊళ్ళో కొట్టే మందూ పంపూ అక్కడి ఆఫీసులో తీసుకుని, తవిటయ్య అనే అతని ఎడ్లబండి మాట్లాడుకున్నాం. గంటన్నర దారి, పొడుగునా కోతకొచ్చిన వరి. చేలల్లో మనుషులున్నంతసేపూ తవిటయ్య పాడుతూనే ఉన్నాడు. కొండ నీడ దారి మీద పడగానే ఆపేశాడు. ఊరి మొదట్లో ఎడ్లు నిలబడిపోయాయి.

“దిగండి బావూ. ఎడ్లు లోనకి రావు.”

“కొడితే వస్తాయి కదా?”

“నానెందుకు కొడతాను? ఆటికి కనబడ్డాది నాకు కనబడ్డం నేదు, అంతే.”

ఊళ్ళో అడుగుపెట్టేసరికి మూడు దాటింది. కొండ అడ్డం కాబట్టి సగం ఊరు అప్పుడే నీడలో ఉంది. ఒక్కో గుమ్మం మీదా మందు కొట్టిన తేదీ తెల్లగా రాసి ఉంది. నా ఖాకీ నిక్కరు కనబడగానే తలుపులు ఒకటొకటిగా మూసుకున్నాయి. ఆ రోజుల్లో కొండల పక్క ఖాకీ అంటే జనానికి పోలీసే. గడియల చప్పుడు తప్ప ఊరంతా నిశ్శబ్దం. కుక్క మొరగలేదు. పిల్లి కనబడలేదు. గోడల మీద ఒక్క బల్లి లేదు.

“ఈ మందుకి ముందు పోయేవి అవే,” అన్నారు డాక్టరు గారు. బల్లి లేని ఊరు నేను అదే చూడడం. మనం ఏం మాట్లాడినా అవునని పలికే దిక్కు లేదన్నమాట.

తెరిచి ఉన్నది ఒక్క ఇల్లే. అరుగు మీద నరసమ్మ అనే ఆవిడ కూర్చుంది, ఒళ్ళో ఆరేళ్ళ కూతురు గౌరి. బొంత కప్పినా పిల్ల పళ్ళు టకటకలాడుతున్నాయి. పెద్ద కూతురు పైడమ్మ ఇదే జ్వరంతో, ఇదే వయసులో పోయిందట. “కాలి మువ్వల పట్టీలతోనే పాతిపెట్టినాం బావూ. తియ్యడానికి నాకు సేతులు రానేదు,” అంది. “ఇదీ దాని దారే పడతన్నాది. మీ మందేటి సేస్తన్నాది?”

డాక్టరు గారు పిల్ల వేలి నుంచి రక్తపు చుక్క గాజు పలక మీదికి తీసుకుని, మాత్రలిచ్చారు. నేను పంపు విప్పి చూశాను. పంపులో ఏ లోపమూ లేదు. అక్కడితో నా పని అయిపోయింది, డాక్టరు గారి ఆశా అయిపోయింది. అయినా ఆయన టార్చి పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. కిటికీ లేని గది, పగలే చీకటి. గోడలన్నీ మందుతో తెల్లగా పాలిపోయి ఉన్నాయి. టార్చి వెలుగు మూలకి జరిగింది. అక్కడ, పిల్ల పడుకునే చాపకి సరిగ్గా పైన, చేటంత మేర గోడ మట్టిరంగులోనే ఉంది. దాని మధ్య చిన్న చెయ్యి. నల్లగా, బొచ్చుగా. చూస్తుండగానే వేళ్ళు కదిలాయి.

నేను కేక పెట్టాను. మా ఊళ్ళో అందరినీ దెయ్యాల కట్టుకథలతో భయపెట్టేవాణ్ణి, నా కేక నాకే ఎవరిదో అనిపించింది.

“నీ ఊపిరి తగలనివ్వకు,” అన్నారు డాక్టరు గారు. “దోమలు.”

చేతి నిండా, వేళ్ళ చివర్ల దాకా, ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని కూర్చున్నాయి. కింద పసుపు రంగు చెయ్యి ఉంది. అది పైడమ్మ ఒకనాడు పెళ్ళి పసుపులో చెయ్యి ముంచి ఆడుతూ వేసిన ముద్రని, నా కేకకి గౌరిని అరుగు మీద పడుకోబెట్టి లోపలికొచ్చిన నరసమ్మ చెప్పింది. పిల్ల పోయాక నరసమ్మ దానికి బొట్టు పెడుతోంది. మందు కొట్టేవాళ్ళు వచ్చినప్పుడల్లా దాని మీద చేట అడ్డం పెట్టి నిలబడుతోంది.

“మందు కొడితే సెయ్యి సెరిగిపోదా బావూ? దానిది నా కాడ మరేటున్నాది?”

“మిగతా ఇళ్ళల్లో ఎలా?” అన్నారాయన మెల్లగా.

“దేముడి మూల ఎవులు కొట్టనిస్తారు? అందరం సేట అడ్డెడతాం.”

ఆయన అన్నేళ్ళుగా వెతికింది ఒక చేట వెనక దొరికింది. తర్వాత ఒక దోమని తీసి అరచేతిలో నలిపి, టార్చి వెలుగులో ఆవిడకి చూపించారు. ఎర్రగా ఉంది.

“ఎవులిది ఇది?” అంది నరసమ్మ.

“ఆ చాప మీద పడుకునే పిల్లది.”

నరసమ్మ గోడని చూసింది, బయట వణుకుతున్న గౌరిని చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన బతిమాలలేదు, నేను వెక్కిరించలేదు. కాసేపటికి ఆవిడే వెళ్ళి పసుపు కలిపింది. గౌరి చేతిని అందులో ముంచి, ఎండ ఇంకా మిగిలి ఉన్న అరుగు గోడ మీద అద్దింది. అదే కొలత చెయ్యి. తర్వాత కళ్ళు మూసుకుని, ఇంటి లోపలికి తిరిగి పిలిచింది.

“ఒలే పైడమ్మా! ఇలగ రాయే. నోపల సీకటిగున్నాదే. ఎండలోకొచ్చి కూకో.”

డాక్టరు గారు గదిలో గోడకేసి తిరిగి ఉన్నారు. నేను గుమ్మంలో ఉన్నాను, భుజాన పంపుతో. అప్పుడు గది మూల నుంచి సన్నగా మువ్వల చప్పుడు లేచింది. చిన్నపిల్ల అడుగుల్లా ఆగి ఆగి, నా మోకాలి పక్క నుంచి అరుగు మీదికి వెళ్ళింది.

“ఏమిటది?” అన్నారు డాక్టరు గారు లోపలి నుంచి.

“పక్కింటి మేకపిల్లండీ. నీడకని దూరినట్టుంది,” అన్నాను.

“వొచ్చినాదా బావూ?” అంది నరసమ్మ కళ్ళు తెరవకుండానే.

“వచ్చిందమ్మా. నా పక్క నుంచే వెళ్ళింది,” అన్నాను.

ఆవిడ తల ఊపింది. నేను మందు కొట్టాను. చెయ్యి తెల్లబడి, గోడలో కలిసిపోయింది. ఆ సాయంత్రమే నరసమ్మ మాట మీద మిగతా ఇళ్ళ తలుపులూ తెరుచుకున్నాయి. దేవుళ్ళందరినీ అరుగుల మీదికి తెచ్చుకుని, ఖాళీ అయిన మూలలు మాకు చూపించారు.

వేసవిలో మళ్ళీ పాతపట్నం వెళ్ళినప్పుడు తవిటయ్య కనిపించాడు. “ఆ గౌరి గుంటకి సలిజొరం మరి రానేదు బావూ. ఎడ్లు కూడా ఇప్పుడు ఊర్లోకి ఎల్తన్నాయి,” అన్నాడు. డాక్టరు గారు ఆ ఊరి గురించి రాసిన దాంట్లో వాగుంది, గట్టుంది, గోడుంది, చేట కూడా ఉంది. ఒక తల్లి చీకట్లోంచి బిడ్డని బయటికి పిలిచిన సంగతికి అందులో చోటు లేదు. ఆయన తప్పేం కాదు, అలాంటివి కొలిచే గాజు గొట్టం ఇంకా రాలేదు. మీరూ అటు వెళ్ళాలనుకుంటే ఒకటే సలహా: ఖాకీ వేసుకోకండి, పంచె కట్టుకుని వెళ్ళండి. లేకపోతే మూసిన తలుపుల ముందు సగం పొద్దు పోతుంది.

ఇంత రాశాక ఒక్కటి ఒప్పుకోవాలి. నా అలవాటు ప్రకారం ఇందులో ఒకటి పూర్తిగా కల్పించాను. రైల్లో మేక నిజం, నా టిక్కెట్టు దాని కడుపులోనే ఉంది. నరసమ్మకి చెప్పిన జవాబు కూడా నిజమే. డాక్టరు గారికి చెప్పిన మేకపిల్లే అబద్ధం. ఆ గదిలో మేకా లేదు, ఆ ఊళ్ళో ఒక్క మేకా లేదు. నే చెప్పేది సత్యమని పలకడానికి గోడ మీద బల్లి కూడా లేదు.