ఒక్క పేరుకు రెండు గొంతులు

మానవపాడు దగ్గర మా ఊళ్లో అంతా విత్తనపత్తి సాగు. పదో తరగతిలో నెలరోజులు పూలకు క్రాసింగ్ చేయడానికి, అంటే చేత్తో పుప్పొడి అద్దడానికి, బడి మాని చేనుకే వెళ్లాను. హాజరులో నా పేరు పిలిస్తే నేస్తం సుజాత "ప్రజెంట్ సార్" అనేది.

ఒకరోజు పని తొందరగా ముగిసి, మధ్యాహ్నం బడికొచ్చి వెనక కూర్చున్నాను. ముందున్న సుజాత నన్ను చూడలేదు. సార్ నా పేరు పిలిచారు. ఇద్దరం ఒకేసారి పలికాం!

"ఒక్క పేరుకు ఇద్దరేందే?"

సార్ నా దగ్గరకొచ్చి, పుప్పొడితో పచ్చబడిన నా వేళ్లు చూశారు. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను.

"నువ్వొస్తలేవని తెలిస్తే నేనే మీ ఇంటికి వస్తుంటి గద బిడ్డా!"

ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి, నన్ను రోజూ బడికి పంపేలా నాయనను ఒప్పించారు. పది గట్టెక్కాను.

ఇప్పుడు నేనూ టీచర్‌నే. పేరు పిలిచి, తలెత్తి ముఖం చూశాకే హాజరు వేస్తాను.