తొమ్మిదో గడి

పోయిన నెల బాలానగర్ మీదుగా వస్తుంటే స్కూటర్ టైరు పంక్చరైంది. షాపతను ట్యూబు విప్పుతుండగా పక్క వర్క్‌షాప్‌లోంచి కాలిన నూనె, ఇనుప రజను కలిసిన వాసన వచ్చింది. లేత్ మీద ఇనుము కోసేటప్పుడు వచ్చే వాసన అది. నేనెన్నడూ లేత్ ముట్టుకోలేదు. అయినా ఆ వాసనకి యాదగిరి సార్ గుర్తొచ్చారు.

హైటెక్ సిటీలో నా మొదటి ఉద్యోగంలో ఆయన మా టీమ్ లీడ్. గోపన్‌పల్లి మనిషి. ఐటీఐ చదివి, బాలానగర్‌లో ఎనిమిదేళ్ళు లేత్ నడిపి, సాయంత్రం క్లాసుల్లో కంప్యూటర్లు నేర్చుకొని, సర్వర్ గదుల్లోంచి మెల్లగా క్లౌడ్ దాకా వచ్చారు. నేను కాకినాడ నుంచి వచ్చి నిజాంపేట హాస్టల్లో దిగాను. ప్రతి పనికీ జాబితా రాసుకునే అలవాటు నాది. హాస్టల్లో బట్టలు ఉతకడానికి కూడా ఒకటి ఉండేది.

చేరిన వారంలో ఆయన నన్ను ఒక వర్చువల్ మెషీన్ పెట్టమన్నారు. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లలో కొంత భాగాన్ని మన కోసం ఒక విడి యంత్రంలా తీసుకోవడమే ఆ పని. ఎంత మెమరీ, ఏ డిస్కు, ఎవరు లోపలికి రావచ్చు అని వరుసగా ఎంచుకొని చివరి బటన్ నొక్కబోయాను.

"ఆగు తమ్మీ. ఆపుడెట్లనో చెప్పు."

"ఇంకా ఆన్ చేయలేదు కదా సార్."

"గందుకే అడుగుతున్న. ఆన్ చేసినంక అడిగితే ఏం ఫాయిదా?"

అప్పుడు ఎడమ కనుబొమ మీది మచ్చ చూపించారు. లేత్‌లో ఇనుప ముక్కను బిగించే తాళంచెవిని తీయకుండా స్విచ్ వేశారట. అది ఎగిరి కంటికి వేలెడు దూరంలో తగిలింది. ఆ కంగారులో లేత్ ఎలా ఆపాలో తోచలేదట. ఆ రోజు నుంచి వాళ్ళకు పని నేర్పే ఉస్తాద్, ఎవరు స్విచ్ మీద చెయ్యి వేసినా ఆపే పద్ధతి నోటితో చెప్పించేవాడట. యాదగిరి సార్ ఆ అలవాటును ఏసీ గదిలోకి కూడా తెచ్చుకున్నారు.

మెషీన్ పెట్టడానికి నేను పన్నెండు లైన్ల జాబితా తయారుచేశాను. ప్రతి లైన్ పక్కనా టిక్ పెట్టడానికి ఒక గడి. "పెళ్ళి సామాన్ల చిట్టీ లెక్క రాసినవ్," అని నవ్వారు గానీ, దాన్నే టీమంతా వాడాలన్నారు. తొమ్మిదో లైన్ మాత్రం ఆయనదే: మెషీన్ ఆపి, మళ్ళీ ఆన్ చేసి, ఉన్నది ఉన్నట్టుందా చూడాలి.

ఆరో నెలలో ఒక డయాలసిస్ కేంద్రం పని నాకు ఒప్పగించారు. ఏ పేషెంటు ఏ రోజు, ఏ వేళకు రావాలో చూపించే పట్టిక మా మెషీన్లో ఉంటుంది. మెషీన్‌తో పాటు రెండు డిస్కులు వచ్చాయి. ఒకటి శాశ్వతం. రెండోది వేగమైనది, కానీ తాత్కాలికం. మెషీన్ ఆపితే అందులోది పోతుంది. నేను వేగం చూసుకొని పట్టికను రెండోదాంట్లో పెట్టాను. తొమ్మిదో లైన్‌కు ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ రోజు తొందరలో ఉన్నాను. చూడకుండానే టిక్ పెట్టేశాను. జాబితా కింద సార్ సంతకం పెట్టారు.

మూడు వారాల తర్వాత, శనివారం సాయంత్రం, మెమరీ పెంచడానికి మెషీన్ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. పట్టిక లేదు. బుధవారం రాత్రి తీసిన కాపీ ఒకటి మిగిలింది. ఆ తర్వాత మూడు రోజుల మార్పులన్నీ పోయాయి. సోమవారం పొద్దున ఆరింటికి పేషెంట్లు వస్తారు. ఆరు నెలల ప్రొబేషన్ ముగిసి, నా ఉద్యోగం ఉంచాలా వద్దా అన్నది తేలడానికి ఇంకా పది రోజులే ఉంది. 'సాంకేతిక కారణాల వల్ల' అని మొదలుపెట్టి ఆ కేంద్రానికి మెయిల్ రాసి, పంపేముందు సార్‌కి చూపించాను.

ఆయన మెయిల్ పక్కకు పెట్టి నా జాబితా తెరిచారు. "తొమ్మిదో గడిల టిక్ ఉంది. ఆపి చూసినవా?"

చూశాను, అప్పుడు బాగానే ఉంది అనే జవాబు నా నాలుక చివరే ఉంది. ఆయన వేలు ఆ గడి మీదే ఉంది.

"చూడలేదు సార్."

"గట్ల చెప్పు. మెషీన్ రాసుకునే లాగ్‌ల చూస్తే నాకు ఎర్కయ్యేది. నువ్వే చెప్తవని చూడలే. ఇగ ఫికర్ పక్కన పెట్టు, రేపు పోదాం."

ఆదివారం మేమిద్దరం ఆ కేంద్రానికి వెళ్ళాం. అక్కడి హెడ్ నర్సు మేరీ సిస్టర్ చర్చి నుంచి నేరుగా వచ్చారు. సార్ నన్ను పరిచయం చేసి ఆగిపోయారు. మిగతాది నేనే చెప్పాలని అర్థమైంది. చెప్పాను.

"చూడకుండా టిక్ పెట్టారా?" అన్నారు సిస్టర్. "మందు ఇవ్వకుండా ఇచ్చామని చార్టులో రాస్తే మమ్మల్ని ఇంటికి పంపించేస్తారండి."

సార్ అన్నారు, "నిజమే సిస్టర్. పక్కన కూసొని చూడకుండా సంతకం పెట్టినోణ్ణి నేను. నన్ను గూడ పంపాలె."

ఆమె బీరువాలోంచి, కార్బన్ పేపర్ పెట్టి పేషెంట్లకు వేళలు రాసిచ్చే చీటీల పుస్తకం తీశారు. "కంప్యూటర్ వచ్చాక ఇది మానెయ్యమన్నారు. నేను మానలేదండి." ఆమె చదువుతుంటే నేను ఎక్కించాను. నలుగురి చీటీలు దొరకలేదు. వాళ్ళకు సార్ స్వయంగా ఫోన్ చేశారు. "పెద్దమ్మా, రేపు మిమ్మల్ని ఎన్ని గంటలకు రమ్మన్నరు? జర యాది చేసుకొని చెప్పున్రి." అవతలి గొంతు రెండుసార్లు వేళ మార్చి చెప్పింది. ఆయన విసుక్కోకుండా మూడోసారి అడిగారు. ఒక టిక్ వెనక ఒక పెద్దావిడ ఉంటుందని నాకు అప్పటిదాకా తోచలేదు. ఈసారి పట్టికను శాశ్వత డిస్కు మీద పెట్టాం. మెషీన్ ఆపాం, మళ్ళీ ఆన్ చేశాం, ముగ్గురం కలిసి చూశాం. సోమవారం ఏ పేషెంటూ వెనక్కి వెళ్ళాల్సి రాలేదు.

ఉద్యోగం ఖాయం చేసే ఫారంలో నా గురించి ఆయన రాసింది తర్వాత చదివాను. 'అబద్ధపు టిక్ పెట్టాడు. అడిగితే నిజం చెప్పాడు. సంతకం పెట్టిన నాకూ ఇందులో వాటా ఉంది. నా టీమ్‌లోనే ఉంచండి.' తప్పును ఆయన చిన్నది చేయలేదు, నన్నూ చిన్నవాణ్ణి చేయలేదు. నా పేరు మీద ఎవరైనా రాసినవాటిలో నేను ఎక్కువ గౌరవించేది ఆ నాలుగు వాక్యాలనే.

సార్ రెండేళ్ళ క్రితం రిటైరయ్యారు. ఇప్పుడు నేను జాబితాల్లో టిక్‌లు పెట్టను. ప్రతి గడిలో కంటితో చూసింది రాస్తాను: ఆపాను, ఆన్ చేశాను, ఫైలు ఉంది. చూడకపోతే ఖాళీ వదిలేస్తాను. మొన్న ఒక పెద్ద క్లయింట్‌తో మీటింగ్‌లో, మెషీన్లు ఆ రోజే అప్పగించాల్సి ఉండగా, వాళ్ళ మేనేజర్ తెర మీద వేలు పెట్టి ఒక గడి ఎందుకు ఖాళీగా ఉందని అడిగాడు. గదిలో పదిమంది నా వైపు తిరిగారు.

"ఇంకా చూడలేదండి," అన్నాను. "ఇరవై నిమిషాలు ఇవ్వండి."